దించాక తేలే లెక్క: సన్నీవేల్ గరాజుల్లో గేర్ బాక్సు

సన్నీవేల్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేవి ఆఫీసు క్యాంపస్‌లు, ఎల్ కామినో రియల్ మీద దోసె హోటళ్ళు, పర్షియన్ డ్రైవ్‌లో గుడి. ఊళ్ళో రైలు పట్టాల పక్కన హెండీ అవెన్యూ అనే వీధి కూడా ఉంది. దాని మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఆ పేరు ఎవరిదో తెలియదు. అది ఒక ఇనుప కార్ఖానా పేరు.

జాషువా హెండీ ఐరన్ వర్క్స్ మొదట శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండేది. 1906 భూకంపం, దాని వెంట వచ్చిన మంటలు ఆ కార్ఖానాను తుడిచిపెట్టాయి. సన్నీవేల్‌లో పొలాలు కొని ప్లాట్లు వేసి అమ్ముకుంటున్న డబ్ల్యూ. ఇ. క్రాస్‌మన్ ‘మా ఊరొస్తే స్థలం ఊరికే ఇస్తాం’ అని పిలిచాడు. హెండీ వచ్చింది. సన్నీవేల్ పట్టణంగా నమోదైంది 1912లో, అంటే మునిసిపాలిటీ కన్నా కార్ఖానాయే ముందు. 1940 నాటికి ఆ కార్ఖానా మూతపడే స్థితికి చేరింది. చార్లెస్ మూర్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, వెనకే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధ సరుకు మోసే లిబర్టీ ఓడల కోసం ఇక్కడ 754 ఆవిరి ఇంజిన్లు తయారయ్యాయి. ఒక్కొక్కటి సుమారు 135 టన్నులు, 2,500 అశ్వశక్తి. యుద్ధం చివరి ఏళ్ళలో టర్బైన్లూ, వాటికి తగిలించే రిడక్షన్ గేర్లూ చేశారు. టర్బైన్ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, ఓడ వెనక పంకా మాత్రం వంద చుట్ల దరిదాపుల్లోనే తిరగాలి. ఆ తేడాను మధ్యలో నిలబడి సర్దేవి మనిషి ఎత్తు దాటిన పళ్ళ చక్రాలు. 1947లో వెస్టింగ్‌హౌస్ ఈ కార్ఖానాను కొన్నది, ఆ తర్వాత అది నార్త్‌రాప్ గ్రమ్మన్ చేతికి పోయింది. ఆవరణలో ఒక చిన్న మ్యూజియం కూడా పెట్టారు.

గేర్లు కోసిన ఊరన్నమాట. ఆ ఊరి ఇళ్ళ గరాజుల్లోనే ఒక సందేహం తరతరాలుగా వినబడుతూ వచ్చింది: గేర్ బాక్సు పోయింది, విప్పి బాగు చేసుకోవాలా, ఇంకోటి తెచ్చి బిగించుకోవాలా? ఒక్కో కాలంలో దీనికి ఒక్కో జవాబు వచ్చింది. ఆ జవాబును నిర్ణయించింది కారు యజమాని పనితనం కన్నా బాక్సు కట్టిన తీరు, ఆ ఊళ్ళో గంట కూలి ధర.

మొదట్లో ఈ సందేహానికి తావే లేదు. సాంటా క్లారా లోయ అప్పుడు ఆప్రికాట్, ప్రూన్, చెర్రీ తోటల లోయ. తోట రైతుల దగ్గర ఉన్నది ఫోర్డ్ మోడల్ టి. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర అమ్ముడైన బండి అది. దాని గేర్ బాక్సులో మనం ఎరిగిన గేరు కర్ర లేదు. కింద మూడు పెడల్స్, లోపల మూడు డ్రమ్ములు, ఒక్కో డ్రమ్ము చుట్టూ దూది నేత పట్టీ చుట్టిన ఉక్కు బద్దె. పెడల్ తొక్కితే బద్దె బిగిసి డ్రమ్మును పట్టుకుంటుంది. పట్టీలు అరిగిపోవడం ఖాయం, ముఖ్యంగా మిట్టల మీద తిరిగే బండ్లకు. అరిగితే రైతే పైమూత విప్పి, నూనెలో చేతులు పెట్టి కొత్త పట్టీ వేసుకునేవాడు. అందులో ఒక చిక్కుండేది. చిన్న నట్టు చేజారి లోపల పడిందంటే ఆ పూట పని ఆగినట్టే. అందుకే తెలివైనవాళ్ళు నట్టుకు దారం కట్టి దించేవాళ్ళు. 1926 మోడల్‌లో ఫోర్డ్ బద్దెల చెవులు ఊడదీసే వీలు కల్పించాక ఈ తంటా చాలావరకు తగ్గింది. బాగుచేసుకోవడం సులువైతే యజమాని షాపు గడప తొక్కడని ఆ కాలపు ఫోర్డ్‌కు తెలుసు. తెలిసీ ఆ సౌకర్యం ఇచ్చాడు. ఇవాళ్టి కంపెనీలు అలా ఇస్తాయా అన్నది వేరే చర్చ.

మిగతా కార్లలో ఉన్నది 1891లో పనార్ లెవాసోర్ ఫ్రాన్స్‌లో మొదలుపెట్టిన జారుడు గేర్ల పద్ధతి. తిరిగే చక్రాన్ని జరిపి ఇంకో తిరిగే చక్రంలో దూర్చడం. వేగాలు కలవకపోతే పళ్ళు గరగరమంటాయి, విరుగుతాయి కూడా. 1928లో కాడిలాక్ సింక్రోమెష్‌ను తెచ్చింది. గేరు పడేముందు ఒక మెత్తని లోహపు కోను రెండింటినీ రాపాడించి ఒక వేగానికి తెస్తుంది. తర్వాతి దశాబ్దాల్లో ఆ పని ఇత్తడి రింగులకు వచ్చింది. డ్రైవరుకు ప్రాణం హాయి, బాగుచేసేవాడికి కొత్త పని. గేరు పళ్ళను కాపాడటానికి తాను అరిగిపోయే వస్తువు ఒకటి బాక్సు లోపల చేరింది. ఈ తొంభై ఏళ్ళలో ఇంటి మెకానిక్కులు గేర్ బాక్సు విప్పిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ రింగుల పుణ్యమే.

1930ల్లో ఫోర్డ్ డీలర్లు ఇంకో అలవాటు నేర్పారు. పాడైన ఇంజిన్ ఇచ్చేసి, ఫ్యాక్టరీలో బాగుచేసిన ఇంజిన్ బిగించుకుపోవచ్చు. పాతది తిరిగి ఇస్తేనే ధర తగ్గుతుంది. ఈ పాత వస్తువుకు అమెరికా షాపుల్లో ‘కోర్’ అని పేరు, దానికి డిపాజిట్ కట్టించుకుంటారు. ఆ పద్ధతే గేర్ బాక్సులకూ పాకింది. ‘విప్పడమా, మార్చడమా’ అన్న సందేహం నిజంగా పుట్టింది ఇక్కడే, ఎందుకంటే మార్చడానికి ఇప్పుడు ఒకటి అల్మారాలో దొరుకుతోంది.

యుద్ధం తర్వాత సన్నీవేల్‌లో తోటలు కొట్టేసి ఇళ్ళు కట్టారు. 1949లో జోసెఫ్ ఐక్లర్ తన తొలి కాలనీల్లో ఒకదాన్ని ఇక్కడే వేశాడు. ఆ తర్వాత ఈ ఊళ్ళో ఆయన కట్టినవి వెయ్యి పైనే. చదునైన కప్పు, అద్దాల గోడలు, సిమెంటు పలక నేల, ముందు గరాజో కార్‌పోర్టో. గేర్ బాక్సు దించేవాడికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి: చదునైన గట్టి నేల, పైన నీడ, వారాంతం. 1956లో లాక్‌హీడ్ మిసైల్స్ విభాగం వచ్చింది. లోహం పని తెలిసిన మనుషులు వీధికి కొందరైనా ఉండేవాళ్ళు. సిలికాన్ వ్యాలీ గరాజు అనగానే అందరూ కంప్యూటర్ల కథలే చెబుతారు. ఆ గరాజుల నేల మీది మరకల్లో ఎక్కువ భాగం గేర్ ఆయిల్‌వే అయ్యుంటాయి.

కార్లు కూడా పక్క ఊళ్ళోనే తయారయ్యేవి. మిల్పిటాస్‌లో ఫోర్డ్ 1955లో ఫ్యాక్టరీ తెరిచింది. పేరుకు శాన్ హోసే ప్లాంటు, ఉన్నది మిల్పిటాస్‌లో. అక్కడ తయారైన మస్టాంగ్‌లకు ఛాసిస్ నంబరులో ‘ఆర్’ అక్షరం ఉంటుంది, పాత కార్ల పిచ్చివాళ్ళు ఇప్పటికీ దాన్ని వెతుక్కుంటారు. 1964 మోడళ్ళతో ఫోర్డ్ ఒక నాలుగు గేర్ల బాక్సు తెచ్చింది. మూత పైన ఉంటుంది కాబట్టి దానికి ‘టాప్‌లోడర్’ అన్న పేరు స్థిరపడింది. పోత ఇనుముతో చేసింది, బరువు యాభై కిలోల పైచిలుకు. జనరల్ మోటార్స్ వాళ్ళది ఇండియానాలోని మన్సీ ఊరి బాక్సు, 1963 నుంచి 1974 దాకా వచ్చింది. దానికి అల్యూమినియం పెట్టె, పక్క మూత. ఇంటి దగ్గర విప్పే పనికి ఈ రెండూ బడి పుస్తకాల వంటివి.

టాప్‌లోడర్‌ను బల్ల మీద పెట్టి మూత తీస్తే ఏం కనబడుతుందో చూద్దాం. కింద వరసలో కౌంటర్ షాఫ్ట్, ఒకే దిమ్మెలో చెక్కిన గేర్ల గుత్తి. దాని పైన మెయిన్ షాఫ్ట్, దాని మీద విడివిడిగా తిరిగే గేర్లు, గేర్ల మధ్య ఇత్తడి రింగులు. కౌంటర్ గేరు లోపల రెండు చివర్లా సన్నని సూదుల్లాంటి రోలర్లు వరసగా ఉంటాయి. వాటిని పట్టుకునే చట్రమేమీ లేదు, షాఫ్టే వాటిని నిలబెడుతుంది. షాఫ్ట్ లాగారంటే అన్నీ బొలబొలా బాక్సులో రాలిపోతాయి. బిగించేటప్పుడు గ్రీజు దట్టించి ఒక్కో సూదినీ అతికించాలి. తర్వాత గేరు పొడవుకే కోసిన కర్ర బద్దను డమ్మీ షాఫ్ట్‌గా లోపల ఉంచి, అసలు షాఫ్ట్‌తో దాన్ని మెల్లగా ముందుకు తోయాలి. అసలు షాఫ్ట్ వస్తూ ఉంటే కర్ర బయటికి పోతుంది, సూదులు కదలవు. ఇంటి మెకానిక్కు ఓపికకు అసలైన పరీక్ష ఈ ఒక్క ఘట్టమే.

విప్పాలా వద్దా అన్నది మాత్రం విప్పకముందే బాక్సు చాలావరకు చెప్పేస్తుంది. బండి న్యూట్రల్‌లో నిలబడి ఉన్నప్పుడు గూ అని మోత వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే ముందు అనుమానించాల్సింది ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగును. అన్ని గేర్లలో మోత ఉండి, నాలుగో గేరులో తగ్గితే కౌంటర్ షాఫ్ట్ వైపు చూడాలి. ఇలాంటి బాక్సుల్లో నాలుగో గేరు నేరుగా వెళుతుంది, కౌంటర్ షాఫ్ట్ మీద బరువు పడదు. రెండో గేరు వేసేటప్పుడు మాత్రమే గరగరమంటే సింక్రో రింగు. గేరు పడ్డాక దానంతటదే జారి న్యూట్రల్‌కు వచ్చేస్తుంటే పట్టుకునే పళ్ళు గుండ్రబడ్డాయని అర్థం, ఖర్చు అక్కడ పెరుగుతుంది. ఆ తర్వాత నూనె దించి చూడాలి. బంగారు రజనులా మెరిసి అయస్కాంతానికి అంటనిది ఇత్తడి, అంటే రింగులు, మామూలు అరుగుదల. అయస్కాంతానికి బూడిదరంగు జిగురులా అంటిందీ పరవాలేదు. గోరంత ముక్క అంటిందా, అది గేరు పన్ను. కొత్త గేర్లు కొని వేసే కన్నా ఇంకో బాక్సు తెచ్చుకోవడం మేలనే మాట పాత మెకానిక్కులు అప్పుడే అనేవాళ్ళు.

ఈ మధ్యలో దేశం మెల్లగా గేరు కర్రను వదిలేస్తోంది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్‌లో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ బాక్సు పెట్టింది, తర్వాత ఆటోమేటిక్ ఆనవాయితీ అయిపోయింది. ట్రాన్స్‌మిషన్ షాపులు వీధివీధినా వెలిశాయి. కారు యజమాని కంటికి కనబడని చోట పని కాబట్టి మోసాలూ అంతే పెరిగాయి. 1971లో కాలిఫోర్నియా ఆటోమోటివ్ రిపేర్ చట్టం చేసి, దాని అమలుకు బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్‌ను పెట్టింది. పని మొదలుపెట్టే ముందు ఎస్టిమేటు ఇవ్వాలి, వేసినవి కొత్తవా, పాతవా, బాగుచేసినవా బిల్లులో రాయాలి, ముందే అడిగితే తీసేసిన భాగాలు తిరిగి ఇవ్వాలి, లేదా చూపించాలి. ‘రీబిల్ట్’ అని బోర్డు పెట్టి అమ్మే ఆటోమేటిక్ బాక్సులో కనీసం ఏమేం చేసి ఉండాలో కూడా అక్కడి నియమాలు చెబుతాయి. ఆ నియమాలు రాసింది ఆటోమేటిక్‌కే. మాన్యువల్ బాక్సు రీబిల్ట్ అంటే ఒక షాపులో నాలుగు రింగులు, ఇంకో షాపులో సమస్త బేరింగులు. అడిగి రాయించుకోవలసింది యజమానే.

1973 చమురు సంక్షోభం తర్వాత చిన్న జపాన్ కార్లు ముంచెత్తాయి. అవి వచ్చాక గరాజు లెక్క తలకిందులైంది. వాటితో ప్రబలిన, ముందు చక్రాలు తిప్పే కారులో ఇంజిన్, గేర్ బాక్సు, డిఫరెన్షియల్ మూడూ అడ్డంగా ఒకేచోట ఇరుక్కుని ఉంటాయి. బాక్సు దించాలంటే యాక్సిల్స్ ఊడదీయాలి, ఇంజిన్‌ను పైనుంచి వేలాడదీయాలి, చాలా మోడళ్ళలో కింది చట్రం కూడా దించాలి. దించాక విప్పడం ఇంకో యజ్ఞం. అల్యూమినియం పెట్టెను రెండుగా చీల్చాలి, బేరింగులకు ప్రెస్సు కావాలి, మళ్ళీ బిగించేటప్పుడు షిమ్ములనే పల్చటి లోహపు బిళ్ళల మందం కొలిచి ఎంచుకోవాలి. ఆ మందం తప్పితే కొత్త బేరింగు కూడా మాడిపోతుంది. 1980ల అమెరికన్ కార్లలో వచ్చిన బోర్గ్ వార్నర్ టి-ఫైవ్ వంటి అయిదు గేర్ల బాక్సుకూ చివరికి ఈ షిమ్ముల కొలత తప్పలేదు. సూది రోలర్లకన్నా ఈ కొలత కష్టం, ఎందుకంటే తప్పు జరిగిందని వెంటనే తెలియదు.

ఇంకోవైపు మార్చుకునే బాక్సు చవకైంది. జపాన్‌లో కారుకు మొదట మూడేళ్ళకు, ఆ తర్వాత రెండేళ్ళకోసారి ‘షాకెన్’ అనే తనిఖీ ఉంటుంది. అది ఖర్చుతో కూడిన వ్యవహారం కావడంతో అక్కడివాళ్ళు ఎక్కువ తిరగని బండ్లనూ వదిలించుకుంటారు. వాటి ఇంజిన్లు, గేర్ బాక్సులు కంటెయినర్లలో కాలిఫోర్నియా రేవులకు వచ్చేవి, ఇప్పటికీ వస్తున్నాయి. ఇక షాపు కూలి. బే ఏరియాలో ఇవాళ గంటకు రెండొందల డాలర్లకు అటూ ఇటూ. బాక్సు దించి ఎక్కించడానికే ఆరేడు గంటలు పడుతుంది. ఆ పైన విప్పడానికి ఇంకో రోజు కూలి ఎవరిస్తారు? అందుకే షాపువాడు మారుద్దామంటాడు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తన గంటకు బిల్లు వేసుకోని యజమాని ఒక్కడే విప్పుకోగలడు.

ఇదే లెక్క విజయవాడలో ఇంకోలా తేలుతుంది. జవహర్ ఆటోనగర్‌లో గేర్ బాక్సు మేస్త్రి అంటే ఆ ఒక్క పనే చేసేవాడు. పక్క షెడ్డులో లేతు, అవతలి వీధిలో క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్, మూలమీద బేరింగుల కొట్టు, ఎదురుగా తుక్కు షాపు. లారీ వచ్చి ఆగితే హెల్పర్లు బాక్సు దించేస్తారు, మేస్త్రి మూత తీసి పోయిన గేరు వరకే మార్చి మళ్ళీ ఎక్కించేస్తాడు. కూలి తక్కువ, సామాను ఖరీదు ఎక్కువ, లారీ ఒక రోజు ఆగితే ఓనరుకు కిరాయి పోతుంది. అక్కడ విప్పడమే చవక. ఆ ఊళ్ళో పెరిగి సన్నీవేల్ వచ్చిన తెలుగు ఇంజనీరు, ఇక్కడి షాపులో ‘మేం లోపల విప్పం, బాక్సు మొత్తం మారుస్తాం’ అని వింటే వీళ్ళకు పని రాదేమో అనుకుంటాడు. వాళ్ళకు పని రావచ్చు, రాకపోవచ్చు. వాళ్ళ గంట కూలికి ఆ పని గిట్టదన్నది మాత్రం నిజం.

పక్క ఊళ్ళ ఫ్యాక్టరీల కథ కూడా ఇదే వేగంతో మారింది. మిల్పిటాస్ ఫోర్డ్ ప్లాంటు 1983లో మూతపడింది, 1994లో అదే చోట గ్రేట్ మాల్ తెరుచుకుంది.  ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ మూసేసిన చోట 1984 నుంచి టయోటాతో కలిసి పెట్టిన నూమ్మి అనే ఉమ్మడి కార్ఖానా నడిచి, 2010లో ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ టెస్లా కార్లు తయారవుతాయి, వాటిలో మార్చడానికి గేరే లేదు.

టెస్లా కూడా గేర్ బాక్సు దగ్గర తడబడిందే. 2008లో మొదలైన రోడ్‌స్టర్‌కు ముందు అనుకున్నది రెండు గేర్ల బాక్సు. మోటారు బలానికి, వేగానికి గేరు మారే ప్రతిసారీ దెబ్బ పడి అది నిలబడలేదు. చివరకు తొలి కార్లను రెండో గేరులోనే బిగించి ఇచ్చారు. తర్వాత బోర్గ్ వార్నర్ చేసిన ఒకే గేరు బాక్సు పెట్టి, ముందు అమ్మిన వాటికీ దాన్నే మార్చి ఇచ్చారు. డబ్బున్న కంపెనీ, పేరున్న ఇంజనీర్లు, అయినా వాళ్ళ జవాబు కూడా ‘మార్చేద్దాం’ అనే.

1980లో అమెరికాలో అమ్మకానికి తయారైన కొత్త బండ్లలో దాదాపు మూడో వంతు మాన్యువల్‌వి. ఇప్పుడు నూటికి ఒకటి. దీంతో లెక్క మళ్ళీ వెనక్కి తిరుగుతోంది. తుక్కు యార్డుకు మాన్యువల్ కార్లు రావడం తగ్గింది, వచ్చినవి కూడా రెండు లక్షల మైళ్ళు తిరిగినవి. వాటి బాక్సు తెచ్చి బిగించడమంటే ఒకరి మోత ఇంకొకరు కొనుక్కోవడం. 1989లో వచ్చిన మాజ్దా మియాటా వంటి కార్లకు మంచి పాత బాక్సు ధర ఏటికేడు పెరుగుతోంది. రింగులు, బేరింగులు, సీళ్ళు కలిపిన కిట్టు మాత్రం ఇప్పటికీ దొరుకుతుంది. పక్కనే కూపర్టినోలో 1967 నుంచి నడుస్తున్న డి అంజా కాలేజీలో ఆటోమోటివ్ కోర్సులు ఉన్నాయి. నేర్చుకోవాలనుకునేవాడికి ప్రెస్సు, కొలత పనిముట్లు, చెప్పే గురువు అన్నీ ఒకేచోట దొరుకుతాయి.

కాబట్టి సన్నీవేల్‌లో ఈ పని తలపెట్టేవాళ్ళు ముందు తమ లీజు చదువుకోవాలి. చాలా అపార్ట్‌మెంట్లు పార్కింగులో రిపేర్లు ఒప్పుకోవు. సొంత గరాజు, ఆఫీసుకు వెళ్ళడానికి ఇంకో బండి ఉంటే సగం చిక్కు తీరినట్టే. వెనక చక్రాలు తిప్పే కారై, నూనెలో ఇత్తడి రజను తప్ప ముక్కలు లేకపోతే విప్పుకోవచ్చు. ముందు చక్రాల కారై, అయస్కాంతానికి గేరు పన్ను అంటితే మార్చుకోవడమే. ఏది చేసినా బాక్సు కింద ఉన్నప్పుడే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, వెనక సీలు మార్చేయండి, మళ్ళీ దించే ఓపిక ఎవరికీ ఉండదు. నూనె పోసేటప్పుడు డబ్బా మీద రాసింది చదవండి. ఇత్తడి రింగులున్న చాలా బాక్సులకు జిఎల్-ఫోర్ తరగతి నూనె కావాలి, జిఎల్-ఫైవ్‌లో కొన్ని రకాలు ఇత్తడిని తినేస్తాయి. మీది వేరే బాక్సుతో మార్చుకున్నా సరే, పాతదాన్ని కోర్ డిపాజిట్ డబ్బుల కోసం ఇచ్చేయకండి. దాని పెట్టె, షాఫ్టులు బాగుంటే గరాజు మూల దాచుకోండి. పదేళ్ళ తర్వాత ఈ లోయలో అలాంటిది కొనబోతే దొరక్కపోవచ్చు.